మా ఇంట్లో నిలవని సంతకం

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నవ్వే మనిషిని నేను. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాను. స్కూలు వెనక గదిలో ఏదో తిరుగుతోందని పిల్లలు ఏడుస్తుంటే, ఆ గదినే అడిగి మరీ నా లాబొరేటరీ చేసుకున్నాను. అక్కడ ఉన్నన్నేళ్ళూ ఒక పిల్లీ దాని పిల్లలూ తప్ప నాకేమీ కనబడలేదు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవర్నీ బతిమాలను. నమ్మకపోతే ఒకందుకు నాకే నయం, దారిన పోతుంటే ఆపి అడిగేవాళ్ళు తగ్గుతారు.

ఇదంతా మా ఆయన వల్ల వచ్చింది. అమలాపురంలో ఒక సహకార బ్యాంకులో పనిచేసేవారు. సిగరెట్టు లేదు, పేకాట లేదు. నువ్వు అదృష్టవంతురాలివే అనేవాళ్ళందరూ. ఆయనకున్న పిచ్చి వాళ్ళకేం తెలుసు? పాత నాటకాల పుస్తకాలు. అవైనా ఏది పడితే అది కాదు. మొట్టమొదటిసారి అచ్చయిన ప్రతి అయి ఉండాలి, దానిమీద రాసినాయన స్వహస్తంతో చేసిన సంతకం ఉండాలి. రెండో ముద్రణ ఊరికే ఇస్తామన్నా ముట్టుకునేవారు కాదు. రెండింటిలోనూ అవే పద్యాలు కదండీ అని నేనంటే, నావైపు జాలిగా చూసి గది తలుపేసుకునేవారు.

పెళ్ళైన కొత్తలో ఇనప బీరువా కొన్నది నా చీరల కోసం. ఏడాది తిరక్కుండా చీరలకి ఒక అర మిగిలింది. తర్వాత అదీ పోయింది. నేను స్కూలుకి ఏ చీర కట్టుకెళ్ళినా కలరా ఉండల వాసనే. ఆ పుస్తకాలు ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలి, తుడుచుకోవాలి, ఆరేదాకా ఆగాలి.

ఓ దసరాకి సరస్వతీ పూజలో పుస్తకాలు పెట్టాలి కదా అని బీరువాలోంచి ఒక నాటకం తెచ్చి పీట మీద పెట్టాను. మొదటి పేజీ తీసి పసుపు బొట్టు పెట్టాను. అది సరిగ్గా సంతకం మీద పడింది. పూజలో పెట్టిన పుస్తకానికి బొట్టు పెట్టకుండా ఎవరైనా ఉంటారా? మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ వారం నాకు హాయిగానే గడిచింది.

నాటకాల పుస్తకాలు దొరకడం ఎందుకంత కష్టమో ఆయనే చెప్పేవారు. మా వైపు నాటక సమాజాలవాళ్ళు పుస్తకం కొనగానే కుట్టు విప్పేసేవారట. ఏ ఘట్టం ఆడేవాళ్ళకి ఆ ఘట్టం కాగితాలు పంచేసేవారు. ఒక పుస్తకం నాలుగు ఊళ్ళలో నాలుగు ముక్కలై, చెమటకీ రంగుకీ నలిగి పోయేది. నిండు పుస్తకం దొరకడమే గగనం. దానిమీద సంతకం కూడా కావాలంటే ఇక చెప్పేదేముంది?

ఆయన వెతుకుతున్నది ఒక కవిగారి నాటకం. పేరు రాయను, వాళ్ళ మనవలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. కర్ణుడి రథం శల్యుడు తోలే కథ అది. మా ఇంట్లో దాన్ని శల్యుడి నాటకం అనేవాళ్ళం. ఆ కవిగారివి మిగతా నాటకాలన్నీ సంతకాలతో సహా మా బీరువాలో ఉన్నాయి, ఇదొక్కటే లేదు. రాజమండ్రిలో మా ఆయనకి ఒక స్నేహితుడున్నాడు. ఆయనదీ ఇదే జబ్బు. ఆ నాటకం ఎవరికి ముందు దొరుకుతుందా అని ఇద్దరికీ ఏళ్ళ తరబడి పోటీ.

తొంభై ఆరు తుఫాను వచ్చింది. ఊళ్ళో అందరూ కూలిపోయిన కొబ్బరి చెట్ల గురించీ, ఎగిరిపోయిన పైకప్పుల గురించీ మాట్లాడుకుంటుంటే, మా ఆయన ఎవరింట్లో పాత పుస్తకాలు తడిశాయా అని వాకబు చేస్తూ తిరిగారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కానీ ఆ తిరుగుడులోనే వీర్రాజుగారి సంగతి తెలిసింది. మలికిపురం దాటాక లోపల ఒక పల్లెలో ఉంటారు. వయసులో ఉండగా శల్యుడి వేషం కట్టినాయన. తర్వాత కొబ్బరి వ్యాపారంలోకి దిగి బాగానే నిలదొక్కుకున్నారు.

తుఫాను రోజు ఇంటి పెంకులన్నీ లేచిపోతుంటే, ఆయన ఆ పుస్తకాన్ని తువ్వాలుతో పొట్టకి కట్టుకుని మంచం కింద దూరి కూర్చున్నారట. ఇంకో తుఫానుకి అంత ఓపిక నాకు లేదండి, మీకు ఇనప బీరువా ఉందంటున్నారు కదా, మీరే దాచండి అని మా ఆయన చేతిలో పెట్టేశారు.

మా ఆయన ఆదివారం పొద్దున్న వెళ్ళి, చీకటి పడకముందే ఇల్లు చేరారు. కొత్త పెళ్ళికొడుకులా ఉంది ముఖం. నన్ను చేతులు కడుక్కుని రమ్మన్నారు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పుస్తకం పెట్టి, మొదటి పేజీ తిప్పారు.

పైన నాటకం పేరు, కింద కవిగారి పేరు అచ్చులో ఉన్నాయి. పక్కన మార్జిన్లో ఎవరో రంగు పూసుకున్న చేత్తో పట్టుకున్నట్టు ఎర్రటి బొటనవేలి ముద్ర. మిగతా పేజీ అంతా ఖాళీ.

సంతకం ఏదండీ అన్నాను. ఉంది, అక్కడ చూశాను అన్నారు. పేజీలన్నీ తిప్పారు. అట్ట లోపల చూశారు. చివరికి బల్ల కింద కూడా చూశారు, సంతకం జారి పడిపోయినట్టు.

ఆయన చెప్పిన ప్రకారం, వీర్రాజుగారి అరుగు మీద ఆ పేజీలో నల్ల సిరాతో ‘అప్పజెప్పిన వారికి’ అని ఒక వరస, దాని కింద కవిగారి సంతకం ఉన్నాయి. సంతకంలో చివరి అక్షరం తోకని వెనక్కి లాగి పేరంతటికీ కింద గీతగా గీశారట. ఇంత వివరంగా చెబుతున్న మనిషిని అబద్ధమాడుతున్నాడని అనలేం. వీర్రాజుగారు పొట్లం కట్టేటప్పుడు పుస్తకం మార్చేశారని ఆయన అనుమానం. ఈయన కళ్ళజోడు మార్చాలని నా అనుమానం. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరం ఎడమొహం పెడమొహం.

మరుసటి ఆదివారం ఇద్దరం వెళ్ళాం. అప్పటికింకా వంతెన లేదు. బోడసకుర్రు రేవులో పంటు కోసం ఎండలో నిలబడ్డాం. జీపులూ మోటారు సైకిళ్ళూ మేకలూ జనం అన్నీ ఒకే పంటు మీద. నాకున్న ఒక్క సెలవు రోజూ ఇలా తగలడింది కదా అని నా బాధ నాది.

వీర్రాజుగారు నిజంగా పెద్దమనిషి. మేం గొడవకి వచ్చామని తెలిసినా కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చారు. మా ఆయన సంచీలోంచి పుస్తకం తీసి ఆయన చేతికిచ్చారు. ఆయన చేతులు తువ్వాలుకి తుడుచుకుని పేజీ తిప్పి మా ముందు పెట్టారు.

“ఉంది కదండీ, ఏం పోయిందండి?”

ఉంది. మా ఆయన చెప్పింది చెప్పినట్టుగా ఉంది. నల్ల సిరా, పైన ఆ వరస, కింద సంతకం, వెనక్కి లాగిన తోక. నేను పరీక్ష పేపర్లు దిద్దే దాన్ని, ఊరికే చూసి ఊరుకోను. అదే ఎర్రటి వేలిముద్ర, అదే చోట. మూలన పురుగు తొలిచిన చిల్లు కూడా అదే. పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమాను. కలం పాళీ నొక్కుకున్న గరుకు వేలికి తగిలింది, సిరా కూడా కాస్త వెనక్కి దిగింది. వేరే పుస్తకం కాదు, అదే.

మా ఆయన నావైపు విజయగర్వంతో చూశారు.

తిరుగు ప్రయాణంలో పంటు మీద ఆగలేక సంచీ విప్పారు. పట్టపగలు, ఎండ పేజీ మీద పడుతోంది. ఖాళీ. వెనక్కి తిప్పి వేలితో తడిమాను. నున్నగా ఉంది. పక్కన బుట్టతో నిలబడ్డ చేపలావిడ మా ముఖాలు చూసి ఏమైనా పోగొట్టుకున్నారా అమ్మా అని అడిగింది. మా ఆయన పంటు అంచున చతికిలబడ్డారు. నాకైతే ముందు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

దేనికైనా కారణం ఉంటుంది కదా. కోబాల్ట్ క్లోరైడు ప్రయోగం నేను ఏటా పిల్లలకి చేసి చూపించేదాన్ని. దాంతో రాసింది తేమ తగిలితే కనబడదు, వేడి తగిలితే మళ్ళీ పైకి తేలుతుంది. వీర్రాజుగారి ఊరు సముద్రానికి దగ్గర, మేం దూరం. గాలిలో తేడా ఏదో ఉంటుంది అనుకున్నాను. ఇస్త్రీ పెట్టె సన్నగా వేడి చేసి పేజీ మీద గుడ్డ వేసి ఆడించాను. మా ఆయన నెత్తిన చేతులు పెట్టుకుని గోడకి ఆనుకున్నారు. ఏమీ రాలేదు. పోనీ తేమే కావాలేమో అని ఇడ్లీ పాత్ర మూత తీసి ఆవిరి మీద పట్టాను. ఆయన కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. సంతకం రాలేదు. పేజీ కాస్త వంకర తిరిగింది. ఆ రోజు ఆయన ఇడ్లీ ముట్టుకోలేదు.

ఇంతటితో పోతే బాగుండేది. కానీ ఈ మహానుభావుడు పుస్తకం చేతికొచ్చిన రోజే, మలికిపురంలో ఎస్టీడీ బూత్ కనబడగానే ఆగి రాజమండ్రి స్నేహితుడికి ఫోన్ చేసేశారు. దొరికింది, సంతకంతో సహా దొరికింది, నా కళ్ళతో చూశాను అని. ఇంటికి వచ్చేదాకా ఆగితే ఏం పోయేది?

ఆ స్నేహితుడు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగారు. పుస్తకం తెరిచి చూశారు. చాలాసేపు ఆ ఖాళీ పేజీ చూసి, ఉంటుందిలెండి, ఎక్కడికి పోతుంది అని నవ్వారు. మా ఆయన ముఖం పాలిపోయింది. జరిగింది చెప్పబోయారు. చెప్పేకొద్దీ ఇంకా అబద్ధంలా వినబడింది. నాకే అలా వినబడిందంటే ఆయనకెలా వినబడి ఉంటుంది?

ఆ తర్వాత, పుస్తకాలు సేకరించే వాళ్ళలో ఈ సంగతి పాకింది. అమలాపురం ఆయన లేనివి ఉన్నాయని చెప్పుకుంటాడు అని. ఉత్తరాలు రాసేవాళ్ళు మానేశారు. ఎక్కడైనా పుస్తకం బయటపడితే ముందు ఈయనకి కబురు పెట్టేవాళ్ళు, అదీ ఆగిపోయింది.

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులు చెప్పమంటే సాయంత్రం దాకా చెబుతాను. కానీ ఆ మనిషి నోట అబద్ధం రాదు. పెళ్ళిచూపుల్లోనే, నాకు త్వరలో బట్టతల వస్తుంది, మా నాన్నకీ వచ్చింది అని చెప్పిన మనిషి. అలాంటివాడిని అబద్ధాలకోరంటే ఎలా ఉంటుంది? బీరువా తెరవడమే మానేశారు. బ్యాంకునించి వచ్చి కుర్చీలో కూర్చుని గోడ చూసేవారు. ఇన్నేళ్ళూ ఆ పుస్తకాలని తిట్టిపోసినదాన్ని, ఆయన మళ్ళీ వాటి దుమ్ము దులిపితే చాలనిపించింది. నాకు ఆ సంతకంతో పనిలేదు. ఆయన అన్నమాట నిజమని తేలాలి, అంతే.

కొన్నాళ్ళకి వీర్రాజుగారు కంటి ఆపరేషన్ కోసం అమలాపురం వచ్చారు. ఆపరేషనయ్యాక ఓసారి డాక్టరుకి చూపించుకుని, మా ఇంట్లో భోజనం చేశారు. చెయ్యి కడుక్కుని, ఏదండీ మన పుస్తకం, ఓసారి చూద్దాం, ఇప్పుడు చూపు బాగా ఆనుతోంది అన్నారు. మా ఆయన లేవలేదు. నేనే తెచ్చి ఇచ్చాను.

పేజీ తిప్పారు. ఉంది. మా ఇంట్లో, మా బల్ల మీద, ఇడ్లీ ఆవిరికి వంకర తిరిగిన అదే పేజీ మీద ఉంది. మొదటిసారి భయమేసింది అప్పుడే. ఆయనేమో అదేమీ పట్టనట్టు ఏదో పద్యం కూనిరాగం తీస్తున్నారు.

ఇక నేను ఆగలేకపోయాను. “బాబాయిగారూ, మీరు లేచి వెళ్ళగానే ఇది పోతుందండీ. మళ్ళీ మిమ్మల్ని చూస్తేనే వస్తోంది. ఏమిటండీ ఇది?”

వీర్రాజుగారు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఈ నాటకం మీద మాత్రం కవిగారు ఊరికే సంతకం పెట్టేవారు కాదండమ్మా. నీ వేషం ఒక్కటీ వస్తే చాలదనేవారు. అందరి పద్యాలూ, అందరి మాటలూ పుస్తకం ముట్టుకోకుండా అప్పజెప్పాలండి. ఎదురుగా అరుగు మీద కూర్చునేవారు. ఒక్క ముక్క తప్పు పోయిందా, మళ్ళీ మొదట్నించీ. మా జట్టులో అందరం కూర్చున్నాం గానీ, నాకొక్కడికే పెట్టేరండి.”

“మరి మాకిచ్చేటప్పుడు ఆ మాట చెప్పలేదేమండీ?”

“ఇలాగవుతుందని నాకేం తెలుసండి? నా దగ్గరున్నన్నాళ్ళూ ఎప్పుడూ పోలేదు కదండీ!”

ఆయన ఆటో ఎక్కి వీధి మలుపు తిరిగారు. మేం లోపలికొచ్చి చూశాం. పేజీ ఖాళీ.

పుస్తకం తీసుకెళ్ళి ఆయనకే ఇచ్చేద్దాం అన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. నేను నేర్చుకుంటాను అన్నారు. కూరలకి వెళ్ళి అడిగినవి రెండు మరిచిపోయి వచ్చే మనిషి, అయిదంకాల నాటకం నేర్చుకుంటారట. నేను నవ్వితే, నీది శల్యసారథ్యం అన్నారు. నాటకంలోనూ అదే కదా, పక్కన కూర్చుని ఉసూరుమనిపించేవాడు. ఆ మాట నాకు బాగానే తగిలింది.

అలా మొదలైంది నా చెర. పొద్దున్నే నేను వంటింట్లో ఉంటే ఆయన వసారాలో అటూ ఇటూ నడుస్తూ పద్యాలు. గొంతు ఏమాత్రం లేదు. రాగం తీసినప్పుడల్లా వీధికుక్క ఎక్కడున్నా వచ్చి గేటు దగ్గర కూర్చునేది. టీచర్ని కాబట్టి అప్పజెప్పించుకునే పని నాది. ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో అట్లకాడ. కర్ణుడు కోపంతో రథం దిగే చోట ఒక సీసపద్యం ఉంది. అందులో మూడో పాదం ఆయనకి ఎప్పుడూ రాదు. ఎప్పుడూ అంటే ఎప్పుడూ. ఆ ఒక్క పాదం కోసం మా ఇంట్లో ఎన్ని దోసెలు మాడాయో దేవుడికి తెలుసు.

అయినా మానలేదు. జ్వరం వచ్చినా మానలేదు. ముందు నాటకమంతా చెవిన పడితే నోటికి అదే వస్తుందని, అయిదంకాలూ నన్నే చదివి వినిపించమనేవారు. చదివాను. మళ్ళీ చదవమనేవారు. బోడసకుర్రు దగ్గర పంటు పోయి వంతెన వచ్చింది. మా ఆయన ఇంకా రెండో అంకంలోనే ఉన్నారు.

ఈలోగా ఏం జరిగిందో నేను గమనించుకోలేదు. పోనుపోను ఆయన ఆగిపోయినప్పుడల్లా వంటింట్లోంచే అందించేదాన్ని, పుస్తకం వసారాలోనే ఉండేది. ఓసారి పబ్లిక్ పరీక్షలకి ఇన్విజిలేషన్ చేస్తుంటే మొదటి బెంచీ పిల్ల నావైపు బిక్కమొహం వేసి చూసింది. నేను బ్లాక్ బోర్డు పక్కన నిలబడి గట్టిగానే శల్యుడి మాటలు అంటున్నానట. పిల్ల ముందు సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చి మా ఆయన్ని దులిపేశాను.

తర్వాత ఒక సెలవు రోజు పొద్దున్న ఇల్లు ఊడుస్తున్నాను. పుస్తకం బల్ల మీద తెరిచి వదిలేశారు, ఫ్యాను గాలికి కాగితాలు కొట్టుకుంటున్నాయి. మూసేద్దామని వెళ్ళాను. మొదటి పేజీలో నల్లగా ఏదో కనబడింది. చీపురు పడేసి చేతులు కడుక్కుని వచ్చి చూశాను. సంతకం. వెనక్కి తిప్పి వేలితో తడిమాను. గరుకు తగిలింది.

పిలిస్తే మా ఆయన గడ్డానికి సబ్బు నురగతోనే వచ్చారు. చూశారు. కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకూ కళ్ళు చెమర్చాయి. రెండంకాలతోనే కవిగారు సరిపెట్టుకున్నారు చూశావా, నా పట్టుదల చూసి అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ గొంతు భరించలేక పెట్టేసి ఉంటారు అనుకున్నాను.

అప్పుడే రాజమండ్రిలో పాత నాటకాల పుస్తకాల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. పెట్టేవాళ్ళలో ఆ స్నేహితుడూ ఒకరు. మా ఆయన ఆగుతారా? ముందే వెళ్ళి ఆయనకి చూపించి వస్తానని బస్సెక్కారు.

సాయంత్రం తిరిగొచ్చిన మనిషిని చూసి ఎవరైనా పోయారేమో అనుకున్నాను. అదే మనిషి ముందు, మళ్ళీ ఖాళీ పేజీ. ఈసారి ఆయన నవ్వను కూడా లేదట, భుజం మీద చెయ్యి వేసి, ఆరోగ్యం చూసుకోండి అన్నారట. నాకు కడుపు మండిపోయింది. పుస్తకం లాక్కుని తెరిచాను, చింపేద్దామనే అనుకున్నాను. సంతకం ఉంది.

మా ఆయన పుస్తకం వైపు చూశారు. తర్వాత నావైపు చూశారు.

“నువ్వు రేపోసారి కొత్తపేట వెళ్ళి మీ చెల్లెల్ని చూసి రా” అన్నారు.

వెళ్ళాను. మధ్యాహ్నం చెల్లెలింటికి ఫోన్ వచ్చింది, లేదని. మర్నాడు నేను మా గేటు తీస్తుండగానే లోపల్నించి ఆయన కేక వినబడింది, వచ్చింది అని. ఆ ఉద్యోగం తర్వాత రెండుసార్లు చేయించారు. మా చెల్లెలు మా ఇద్దరికీ ఏదో గొడవైందనుకుని మా ఆయనకి నీతులు చెప్పింది.

అప్పుడు నన్ను కూర్చోబెట్టి, మొత్తం చెప్పు అన్నారు. నాకెక్కడ వచ్చండీ అన్నాను. చెప్పు అన్నారు. గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ మొదలుపెట్టాను. ఎక్కడో ఒకచోట ఆగిపోతాననే అనుకున్నాను. కర్ణుడూ నేనే, శల్యుడూ నేనే, గుర్రాలని వర్ణించే పద్యాలూ నావే. అయిదో అంకం అయిపోయింది. ఆయన పుస్తకంలో వేలు పెట్టుకుని వెంబడిస్తున్నారు. ఒక్క చోట కూడా ఆపలేదు.

అయ్యాక పుస్తకం మూసి లేచి వెళ్ళిపోయారు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనేం చేశానండీ అని అరిచాను కూడా. ఆయన కొన్నేళ్ళ కష్టం నాకు తెలియకుండానే నా ఖాతాలో పడింది, నేను కావాలని చేసిందా? నాకు దాని మీద ఎప్పుడైనా మోజుందా?

ప్రదర్శన రోజు స్కూలుకి సెలవు పెట్టి ఆయనతో రాజమండ్రి వెళ్ళాను. అద్దాల పెట్టె పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు, తోడపెళ్ళికూతురిలా. బయటికి వెళ్ళి టీ తాగొస్తానంటే వెళ్ళనివ్వలేదు. ఎంత దూరం వెళ్తే పోతుందో మనకి తెలీదు కదా అని గొణిగారు. బాత్రూముకి వెళ్ళొచ్చేదాకా పెట్టె మీద తువ్వాలు కప్పి నిలబడ్డారు. ఇంత వయసొచ్చి ఒక సంతకానికి కాపలా ఏమిటని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

స్నేహితుడు వచ్చారు. వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. చుట్టూ జనం ఉన్నారు. నన్ను క్షమించాలి అని మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. మరి ఆ రెండుసార్లూ లేదేమండీ అన్నారు.

అప్పుడేదో నిమ్మళంగా చెప్పి తప్పించుకోవచ్చు, పోగొట్టుకున్న పరువంతా తిరిగొచ్చేసింది కదా. మా ఆయన అద్దాల పెట్టెలో ఉన్న చీటీ చూపించారు. ఎవరి పుస్తకం కింద వాళ్ళ పేరు రాయాలి. దీని కింద నా పేరుంది. ఎప్పుడు రాశారో నాకు తెలీదు.

“పుస్తకం మా ఆవిడదండి. ఆవిడ లేకుండా తెచ్చాను, అందుకని లేదు” అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళు హాస్యమనుకుని నవ్వారు. ఆయన నవ్వలేదు. తన పుస్తకాల మీద ఈగని వాలనివ్వని మనిషి అన్న మాట అది. నేను ఇప్పుడైనా టీ తెప్పిస్తారా అన్నాను.

వీర్రాజుగారు ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. ఈ సంగతి చెబితే, ఆయ్, అమ్మగారికి పెట్టేరన్నమాట అని సంతోషించారు.

సిరా ఎక్కడికి పోయేదో, ఎక్కడ్నించి వచ్చేదో నాకు ఈరోజుకీ తెలీదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఇద్దరిని అడిగాను. ఒకాయన తేమ అన్నారు, ఇంకొకాయన మా ఇద్దరికీ ఒకేసారి భ్రమ అన్నారు. రాజమండ్రి స్నేహితుడికీ, అక్కడి జనానికీ కూడా భ్రమేనా అంటే మాట మార్చారు.

నేను రిటైరైన ఏడాది ఒక విషజ్వరం వచ్చింది. ఊళ్ళో చాలామందికి వచ్చిందే. కీళ్ళ నొప్పులు తగ్గాయి గానీ, జ్ఞాపకం మునుపటిలా లేదు. తాళాలు ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నాను, పక్కింటి పిల్ల పేరు మరిచిపోతున్నాను. నాలుగో అంకంలో పద్యాలు ఒకటొకటిగా జారిపోతున్నాయి.

ఇప్పుడు పొద్దున్నే మా ఆయన పుస్తకం పట్టుకుని కూర్చుంటారు, నేను అప్పజెబుతాను. తప్పు పోతే అందిస్తారు. వద్దు మొర్రో అంటే వినరు. అయ్యాక మొదటి పేజీ తనవైపు తిప్పుకుని చూసి, ఉంది అని మూసేస్తారు.

మొన్న ఒక ఘట్టం మొత్తం గుర్తు రాలేదు. ఎంత కూర్చున్నా ఒక్క ముక్క రాలేదు. ఆయన పేజీ తెరిచి, రోజూ కంటే ఎక్కువసేపు చూశారు. తర్వాత తలెత్తి, ఉంది అన్నారు.

ఆ మనిషి అబద్ధమాడగా నేనెప్పుడూ చూడలేదు. పుస్తకం నా చేతికందే దూరంలో బల్ల మీదే ఉంటుంది, నాకు తాళాలు కూడా అక్కర్లేదు. నేను మాత్రం ఇప్పటిదాకా తెరిచి చూడలేదు.